ఐదు నోళ్లకు ఒకటే స్పూను

నేను చెబుతుంటే మా మరిది కూతురు రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. నా మాటలను పుస్తకం మాటలుగా దిద్దుకోమన్నాను గానీ, ఉచ్చ వాసన మాత్రం తీసేయొద్దని చెప్పాను. అది తీసేస్తే ఇక నేను చెప్పేదేమీ మిగలదు.

మతి తప్పిన ముసలివాళ్లను పెట్టుకునే హోము మంచిదో కాదో ఎట్లా చూడాలి అని ఇప్పుడు మా ఊరి ఆడవాళ్లు నన్ను అడుగుతున్నారు. నేను ఒకదాన్ని చూశాను. మంచిదే అన్నాను. మా అత్తను అందులో వదిలి ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాను. ఎట్లా చూడాలో నాకేం తెలుసు? ఎట్లా చూడకూడదో మాత్రం తెలుసు, అది చెబుతాను.

మా ఊరు ఇందుకూరుపేట దాటాక సముద్రం వైపు. మా మామ కాలంలో వరి పండిన నేలంతా ఇప్పుడు రొయ్యల గుంటలే. నా మొగుడు రొయ్యలు కొనే వ్యాపారి దగ్గర శాంపిలు చూసే పని చేసేవాడు. గుంటలో సరుకు పట్టే ముందు వల విసిరించి, అందులో పడిన నాలుగు రొయ్యలను అరచేతిలో వేసుకుని, ఈ గుంట సరుకు ఎట్లాంటిదో చెప్పాలి. పెంకు గట్టిగా ఉందా, మొప్పలు నల్లబడ్డాయా, వీపు మీద పేగు నిండుగా ఉందా ఖాళీగా ఉందా, ఇవన్నీ చూడాలి. నేనూ ఆయన వెంట పోయేదాన్ని. ఆయన పోయాక ఆ వ్యాపారి, "ఆయన కన్నుకంటే నీ ముక్కు మేలమ్మా" అని ఆ పనిలో నన్నే పెట్టుకున్నాడు. తెల్లారేసరికి గట్టు మీద ఉండాలి. ఎండెక్కితే సరుకు చెడుతుంది.

ఇంట్లో ఉండేది నేనూ మా అత్తా. మా మరిది, వాడి పెళ్లాం, ఈ రాసే పిల్ల, రెండు వీధుల అవతల ఉంటారు. మరిదికి ఎరువుల అంగడి ఉంది.

అత్తకు మతిమరుపు మెల్లగా వచ్చింది. ముందు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. తర్వాత నన్ను చూసి, "ఎవురి తాలూకమ్మా నువ్వు, మా ఇంట్లో ఎందుకుండావు" అని అడగడం మొదలైంది. నా తోడికోడలు తన కమ్మలు ఎత్తుకుపోయిందని వీధిలో నిలబడి తిట్టింది. కమ్మలు ఆమె చెవులకే ఉన్నాయి. ఆ రోజు నుంచి తోడికోడలు మా గడప తొక్కలేదు. ఆ పిమ్మట అత్త గట్ల మీదకు పోవడం నేర్చింది. ఎప్పుడో అమ్మేసిన గేదెను వెతుక్కుంటూ పోయేది. రెండోసారి పోయినప్పుడు రొమ్ముల లోతు నీళ్లలో నిలబడి, గేదెను పేరు పెట్టి పిలుస్తోందట. గుంట కాపలా మనిషి జుట్టు పట్టుకుని బయటికి లాగాడు.

ఆ సాయంత్రం మరిది వచ్చాడు.

"ఇంగ మనవల్ల గాదు వదినా. నువ్వు తెల్లారకముందే గుంటలకు పోతావు. నేను అంగట్లో ఉంటా. మా ఇంట్లో దాని కోపం నీకు తెలిసిందే. ఈసారి అమ్మ నీళ్లలో తేలిందంటే ఊరంతా మన మొహాన ఊస్తాది."

"ఊరు ఊస్తాదనా, అమ్మ పోతాదనా, దేనికి నీ భయం?"

"రెండిటికీ," అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అదొకటి వాడిలో మంచి గుణం.

నాకూ అత్తకూ ప్రేమలు లేవు. అది దాచను. నేను కాపురానికొచ్చిన కొత్తలో చేపల పులుసులో ఉప్పు చూడటానికి గంటె నోటికి తాకించి మళ్లీ కుండలో పెట్టాను. మా అత్త చూసింది. కుండ ఎత్తుకుపోయి పులుసంతా పెంటదిబ్బ మీద బోర్లించింది. ఆ కుండను నా చేత చింతపండుతో మూడుసార్లు తోమించింది. ఆ పూట ఇంటిల్లిపాదీ ఊరగాయతో తిన్నారు. ఎంగిలి అంటే ఆమెకు అంత రోత. చెంబు పెదవికి తగలకుండా పైనుంచి పోసుకుని తాగేది. పెళ్లిళ్లకు పోతే తన గ్లాసు తాను పట్టుకుపోయేది. మనవరాలు, ఈ రాసే పిల్లే, చిన్నప్పుడు నోటి మీద ముద్దు పెడితే పిల్ల చూడకుండా పోయి నోరు పుక్కిలించి వచ్చేది. ముప్పై ఏళ్లు నేను ఆ ఇంట్లో నా గ్లాసు వేరుగా పెట్టుకుని బతికాను.

సముద్రం దారిలో హోము ఉందని మరిదికి ఎవరో చెప్పారు. పోయి చూద్దాం రమ్మన్నాడు. "నువ్వు చూస్తే తప్పు పోదు వదినా" అన్నాడు. ఆ మాటకు నేను ఉబ్బాను.

ముందుగా ఫోను చేసి, ఫలానా రోజు ఫలానా టయానికి వస్తున్నామని చెప్పి పోయాం. అక్కడే మొదటి తప్పు. రొయ్యల వాళ్లకు చెప్పి పోతే ఏం చేస్తారో నాకు తెలియదా? ముందు రోజు సాయంత్రం ఒక మూల మేత చల్లుతారు. పెద్ద రొయ్యలన్నీ ఆ మూలకు చేరతాయి. పొద్దున మనం పోయేసరికి, "ఇదిగో ఈడ వేయించండి వల" అని అక్కడికే తీసుకుపోతారు. కొత్తవాడు ఆ వలను చూసి గుంటంతా అట్లాగే ఉందనుకుంటాడు. ఆ మోసం ఎరిగిన మనిషిని నేను. నాకు మేత చల్లారు, పోయి నిలబడ్డాను.

అది ఒకప్పుడు సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్లకు కట్టిన లాడ్జీ. కొత్తగా రంగు వేశారు. గేటు దగ్గర మందార చెట్లు. మెడలో కార్డు వేసుకున్న మేనేజరు ఎదురొచ్చాడు.

"రండమ్మా, మీ ఇల్లే అనుకోండి. ఫ్యాను కింద కూర్చోండి."

కూర్చున్నాను. కాఫీ తెచ్చారు. తాగాను. ఇది రెండో తప్పు. వల నీళ్లలో పడకముందు గుంట దగ్గర పచ్చి మంచినీళ్లు కూడా తాగకూడదని నా మొగుడి నియమం. "తాగినాక నాలిక వాళ్లది అయిపోతాది" అనేవాడు. ఎంత దాహం వేసినా నేను ఆ నియమం తప్పలేదు. ఆ రోజు కాఫీ బాగుంది, చిక్కటి పాలు. ఇంకో అర గ్లాసు పోస్తే అదీ తాగాను.

హాలు చూపించారు. నేల అద్దంలా ఉంది. ఫినాయిలు, దాని మీద ఊదొత్తులు. గోడకు టీవీ, అందులో భజన. దాని ముందు తొమ్మిదిమందో పదిమందో ముసలివాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు, లేవడం లేదు.

"ఎంత గమ్మునుండారో చూడు వదినా," అన్నాడు మరిది.

"అవునయ్యా. మన ఇంట్లో ఒక్క మనిషే పదిమంది అరుపు అరుస్తాది," అన్నాను నేను.

ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. వల తీయగానే ఎగిరి కొట్టుకునేది మంచి రొయ్య. వలలో కదలకుండా పడి ఉన్న రొయ్యను నేను ఏనాడూ బాగుందని చెప్పలేదు. మనుషులు కదలకుండా పడి ఉంటే మాత్రం, ఆహా ఎంత నెమ్మది అన్నాను.

కాగితం రాసుకున్నారు. బీపీ ఉందా, షుగరు ఉందా, ఆధారు కార్డు, ఎవరి ఫోను నంబరు. అంతే. ఆమెను ఏమని పిలిస్తే పలుకుతుంది, ఎట్లా తింటుంది, ఎట్లా తాగుతుంది, దేన్ని చూస్తే బెదురుతుంది, ఇవేవీ అడగలేదు. వాళ్లు అడగకపోవడం వాళ్ల తప్పు. నేను చెప్పకపోవడం నాది. మాత్రల పేర్లన్నీ చీటీ చూపించి చెప్పాను. గ్లాసు సంగతి నా మనసుకు రాలేదు. ముప్పై ఏళ్లు ఆ బాధ పడిన దాన్ని, వదిలించుకునే రోజు అదే మరిచిపోయాను.

మూడో రోజు అత్తను తీసుకుపోయి దించాం. ఆమె అది పెళ్లివారిల్లు అనుకుంది. మంచి చీర కట్టమంటే కట్టాను. సంచి ఒళ్లో పెట్టుకుని హాల్లో కూర్చుని చుట్టూ చూసింది.

"మనం పెళ్లికొడుకు తరపా, పెళ్లికూతురు తరపా?"

"పెళ్లికూతురు తరపు అత్తా."

"మరి భోజనాలు ఎప్పుడు పెడతారంట? అడుగు."

"పెడతాం అవ్వా, పెడతాం," అన్నాడు మేనేజరు. తర్వాత మా వైపు తిరిగి, "పది దినాలు మీరు రావద్దు. మీ మొహాలు కనిపిస్తే అలవాటు పడరు," అన్నాడు.

సరేనన్నాం. ఆమె ఇంకా భోజనాల సంగతి అడుగుతుండగానే వచ్చేశాం.

ఆమెను దించిన ఆరో రోజు ఒక గుంట దగ్గర శాంపిలు చూడటానికి పోయాను. గుంటాయన మా ఊరి పిల్లవాడే, నోరు మంచిది, పని కాదు.

"అక్కా, ముందు టీ తాగు. వల యాడికీ పోదు."

"వల పడినాక తాగుతాలే."

"టీలో మందు గలుపుతానా ఏంది?"

"మందులన్నీ మేతలోనే గలిపేస్తివి. టీలో గలిపే దానికి ఇంగేం మిగిలింది నీకాడ?"

వల పట్టుకున్న మనిషి నవ్వాడు. గుంటాయన తూము దగ్గర వేయించమన్నాడు. నేను ఎదుటి మూలకు నడిచి అక్కడ వేయించాను. వల పైకి వస్తే అందులో సగం మెత్తటి సరుకు, మొప్పలు మసిపట్టినట్టు నల్లగా ఉన్నాయి. ఒకదాన్ని అరచేతిలో వేసుకున్నాను. అది కదల్లేదు. గుంటాయన ఏదో సర్దిచెబుతున్నాడు గానీ నా చెవికి ఎక్కలేదు. ఫ్యాను కింద కాఫీ తాగుతూ కూర్చున్న నేనే నా కళ్ల ముందు కనిపించాను.

సరుకు బాగాలేదని వ్యాపారికి ఫోను చేసి, చేతులు కడుక్కుని, మధ్యాహ్నం భోజనాల వేళకు హోముకు పోయాను. ముందు గేటుకు పోలేదు. వెనక గుంటల గట్టు మీదుగా నడిచి పోయాను. వెనక చిన్న గేటుంది, గడియ పెట్టలేదు.

అక్కడి వాసన చెబుతాను. ముందు హాల్లో పోసిన ఫినాయిలు వెనక్కి రాలేదు. ఉచ్చ వాసన తప్పు కాదు. ముసలివాళ్లు ఉన్నచోట అది ఉంటుంది, మా ఇంట్లోనూ ఉంది. ఇది రోజుల తరబడి తడిసి, ఆరి, మళ్లీ తడిసిన వాసన. పరుపులు గోడకు ఆనించి ఉన్నాయి, వాటి మీద పచ్చటి మరకలు ఒకదాని మీద ఒకటి. విడిచిన బట్టలన్నీ ఒకటే కుప్ప, ఆడవాళ్లవీ మగవాళ్లవీ. సిమెంటు గచ్చు మీద నీళ్ల పైపు, దాని ముందు నడుమ బొక్క ఉన్న ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీకి ఎండిన దొడ్డి అంటుకుని ఉంది. గోడ మేకుకు ఒక ప్లాస్టిక్ మగ్గు వేలాడుతోంది. అందులో ఏముందో అని తొంగి చూశాను. పళ్ల సెట్లు. నాలుగో ఐదో, ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, తెల్లగా విరిగిన నీళ్లలో ఉన్నాయి.

గిన్నెలు తోముతున్న ఆమెను అడిగాను, "ఇయ్యి ఎవురియమ్మా?"

"ఎవురియ్యో ఎవురికి తెలుసక్కా," అంది తల ఎత్తకుండా. "పట్టినోళ్లకు పెడతాం."

రొయ్య తలకాయలు కుళ్లిన డ్రమ్ముల పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషిని నేను. ఆ మగ్గు ముందు ముక్కు మూసుకున్నాను.

పక్కనే వరండా. గోడకు వరసగా ఐదు కుర్చీలు, ఐదుగురు ఆడవాళ్లు. ఒక్కొక్కరినీ నడుము దగ్గర పాత చీర ముక్కతో కుర్చీకి కట్టేశారు. ఒక ఆయా చిన్న స్టూలు మీద కూర్చుని, ఒళ్లో స్టీలు బేసిను పెట్టుకుంది. అందులో సాంబారు, అన్నం, మజ్జిగ అన్నీ కలిపి పిసికిన ముద్ద. చేతిలో ఒకటే స్పూను. మొదటి ఆమె నోట్లో ఒకటి పెడుతుంది. అదే స్పూను రెండో ఆమె నోట్లో. మూడో ఆమె నమల్లేక గడ్డం మీదకు కార్చుకుంటే, కారినదాన్ని స్పూను అంచుతో గీకి నాలుగో ఆమెకు పెట్టబోయింది.

నాలుగో ఆమె మా అత్త.

ఆమె నోరు ఆలిచిప్పలా మూసుకుంది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒంటి మీద ఎవరిదో నైటీ. నేను కట్టిన చీర లేదు.

"ఈ ముసల్ది మొండిది," అంది ఆయా, పక్కావిడతో చెబుతున్నట్టు. "వచ్చిన కాడి నుంచి ఇదే యవ్వారం." ఎడమ చేత్తో అత్త ముక్కు మూసింది. ఊపిరాడక నోరు తెరవగానే స్పూను దించింది. అత్త ఉమ్మేసింది. ఆయా ఆమె చెంప మీద ఒకటి వేసింది. కొట్టిందని అనలేను, నిమిరిందనీ అనలేను.

నేను వరండా ఎక్కాను.

"ఎవురక్కా నువ్వు? ఈ టయానికి ఎవురూ రాగూడదు."

అత్త గడ్డం పట్టుకుని నాలుక చూశాను. ఎండిన గుంట అడుగులా పగిలి ఉంది. కొళాయి దగ్గరికి పోయి, అక్కడున్న గ్లాసు ఒకటి మూడుసార్లు తోమి, నీళ్లు పట్టుకొచ్చి ఆమె ముందు ఎత్తి పట్టుకున్నాను. పెదవికి తగిలించలేదు. జానెడు పైన పట్టుకున్నాను.

అత్త గ్లాసు వైపు చూసింది. గడ్డం పైకెత్తింది. నోరు తెరిచింది. పోశాను. గొంతు కదులుతోంది, కింద ఒక్క చుక్క పడలేదు. మూడు గ్లాసులు తాగింది. మొగుడి పేరు పోయింది, కొడుకుల మొహాలు పోయాయి, నేనెవరో పోయింది. ఎంగిలి మాత్రం పోలేదు. ఆరు రోజులుగా ఆమె చెబుతున్నది అదే, వినేవాళ్లు లేరు.

తాగి, మూతి తుడుచుకుని, నా వైపు వంగి గుసగుసగా అంది, "ఈ పెళ్లిలో మర్యాద లేదు మే. పోదాం పద."

ఆయా గాబరా పడింది. "అన్ని నీళ్లు పొయ్యొద్దక్కా. మళ్లీ తడిపేస్తాది. మార్చేది నేను గదా." ఆమె చేతులు చూశాను. వేళ్ల సందులన్నీ నీళ్లకు పాసిపోయి పుండ్లయి ఉన్నాయి. అంతమందికి ఆమె, ఆ గిన్నెలు తోమే ఆమె, ఇద్దరే. ఆమెను నేను క్షమించానని చెప్పను. కానీ నా రోత ఆమె దగ్గర ఆగలేదు, ముందు గదికి పోయింది.

ముందు గదిలోంచి మేనేజరు వచ్చాడు.

"అమ్మా, పది దినాలు రావద్దని చెప్పినాం గదా."

"చెప్పినావు. ఎందుకు చెప్పినావో ఇప్పుడు తెలిసింది."

"ఇక్కడ అందరినీ సమానంగా చూస్తామమ్మా. అందరికీ ఒకటే ఫుడ్డు."

"ఒకటే స్పూను."

"వాళ్లకు తెలియదమ్మా. మైండు పని చెయ్యదు వాళ్లకు."

"పని చెయ్యకపోతే నోరు ఎందుకు మూసుకున్నాది?"

దానికి ఆయన ఒక రిజిస్టరు తెచ్చి తెరిచాడు. మాకు శ్రద్ధ లేదంటారా, చూడండి అన్నట్టు చదివి వినిపించాడు. తిండికి మొండికేస్తోంది, కోపం చేస్తోంది, డాక్టరుకు ఫోనులో చెప్పి నిద్ర మాత్ర మొదలుపెట్టాం. ఎంగిలి తినను అన్నందుకు నిద్ర మాత్ర. దాన్ని చక్కటి చేతిరాతతో రాసి, తేదీ వేసి పెట్టుకున్నారు.

నేను బేసినులోంచి ఆ స్పూను నిండా తీసి ఆయన ముందు పెట్టాను.

"ఒక్క ముద్ద తిను నాయనా. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ముక్కు దగ్గరికి చేయి పోయింది, మళ్లీ దించుకున్నాడు. ఆ వరసలో చివర కూర్చున్న ముసలామె, స్పూను తనకే అనుకుని నోరు తెరిచి పెట్టుకుంది. అది చూసి స్పూను కింద పెట్టేశాను.

మరిదికి ఫోను చేస్తే బండి మీద వచ్చాడు. వచ్చీరాగానే నన్ను పక్కకు పిలిచాడు.

"వదినా, నలుగురిలో రచ్చ ఎందుకు? చెబుదాం, మారుస్తారు. ఇప్పుడు ఇంటికి తీసుకపోతే మళ్లీ గుంటలో పడితే ఎవురు చూస్తారు?"

"వరండాలోకి పోయి చూసిరా. ఆ తర్వాత నువ్వు ఏం చెబితే అది చేస్తా."

పోయాడు. కట్టిన చీర ముక్క విప్పబోయాడు, ముడి రాలేదు, పళ్లతో విప్పాడు. అత్త వాడి నెత్తి మీద చేయి పెట్టి, "ఎవురి పిల్లోడమ్మా, పాపం, మంచోడు," అంది. నడుము చుట్టూ కట్టు ఒరిసి ఎర్రటి చార పడి ఉంది. లేపి నిలబెడితే కాళ్లు నిలవలేదు. ఆరు రోజుల కిందట ఆ కాళ్లతోనే గట్లన్నీ తిరిగిన మనిషి.

మరిది ఫోను తీశాడు. ఆటో పిలిచాడు.

పోయేముందు మేనేజరు ఒక కాగితం పెట్టాడు. సంతకం పెడితేనే గేటు తీస్తానన్నాడు. మరిది చదివాడు. మా మనిషిని ఆరోగ్యంగా, సంతృప్తిగా తీసుకుపోతున్నాం, ఏ ఫిర్యాదూ లేదు అని అచ్చు వేసి ఉంది.

"నాకు వచ్చిందల్లా ఆ సంతకం ఒకటే," అన్నాను. "దీని కింద పెట్టను."

"అందరూ పెట్టేదేనమ్మా. రూలు."

మరిది పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టేస్తాడనే అనుకున్నాను. పుట్టిన కాడి నుంచి ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. ఆ అచ్చు మాటల మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు. దాని కింద రాశాడు: నాలుక ఎండి పగిలింది, నడుముకు కట్టు ఒరుపు, నిలబడలేదు, చీర లేదు. అక్షరాలు వంకరపోయాయి. పేరు రాసి సంతకం చేశాడు. మేనేజరు ఆ కాగితం చూసి, గేటు వాడికి సైగ చేశాడు.

ఇంటికొచ్చాక పెరట్లో బండ మీద కూర్చోబెట్టి నైటీ తీశాను. నడుము కింద ఎముక దగ్గర రూపాయి బిళ్లంత పుండు, అంచులు తెల్లగా, చుట్టూ దొడ్డి ఎండి ఉంది. నేను పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాను. ఇది కూడా రాయి అని చెప్పాను ఈ పిల్లతో. అసహ్యం వాళ్ల మీదే కాదు, ఆ ఒంటి మీదా వేసింది. ఆ వాసన మీదా, మంచి చోటు అని చెప్పిన నా నోటి మీదా వేసింది.

కాగిన నీళ్లు ఎవరో పక్కన పెట్టారు. చూస్తే తోడికోడలు. మరిది చెప్పి పంపాడేమో, తనే వచ్చిందేమో, అడగలేదు. చీర పైకి దోపుకుని కూర్చుని, గుడ్డ తడిపి పుండు చుట్టూ తుడవడం మొదలుపెట్టింది. అత్త మెడ తిప్పి ఆమెను చూసింది.

"ఈమె ఎవురు, ఇంత లావుండాది?"

"మీ చిన్న కోడల్ని," అంది తోడికోడలు. "కమ్మల దొంగను."

"ఓ," అంది అత్త. "జాగర్తగా ఉండాల."

తోడికోడలు గుడ్డ పిండి మళ్లీ తడిపింది. నా వైపు చూడకుండానే అంది, "అక్కా, తెల్లారిన కాడి నుంచి నువ్వు గుంటల కాడ నుంచి వచ్చేదాకా నేను చూస్తా. దొడ్డి మార్చేది మాత్రం నా చేత గాదు. ముందే చెప్తుండా."

"నువ్వు చూస్తుండగా వస్తే?"

"ఆపుకోమంటా."

ఆపుకోమంటే ఆగేది కాదు. నెల తిరక్కముందే ఆమె మార్చడం నేర్చుకుంది. మరిది గుంటల వైపు తడిక కట్టి, దానికి గొళ్లెం పైన బిగించాడు. పుండు మానడానికి చాలా రోజులు పట్టింది. కాళ్లు మాత్రం మునుపటిలా రాలేదు. గట్ల మీదకు పోయే భయం అట్లా తీరింది. దానికి సంతోషపడమంటారా, నాకు తెలియదు.

ఒక సోమవారం నెల్లూరు పోయి కలెక్టరు ఆఫీసులో అర్జీ ఇచ్చాం. ఈ పిల్లే రాసింది. తీసుకున్నాయన చదివి, "మీ మనిషిని మీరు తెచ్చుకున్నారు గదా, ఇంకేంటమ్మా" అన్నాడు. ఆ వరండాలో ఇంకా నలుగురు ఉన్నారు అన్నాను. వాళ్ల తాలూకు వాళ్లు ఎవరైనా అర్జీ ఇచ్చారా అని అడిగాడు. వాళ్ల పేర్లే నాకు తెలియవు. అక్కడ అందరినీ అవ్వా అనే పిలిచారు.

ఈ మధ్య ఆ వెనక గట్టు మీదుగా ఒకసారి పోయాను. చిన్న గేటుకు రేకులు కొట్టి మూసేశారు. వాళ్లు దిద్దుకున్నది అంతవరకే. లోపల స్పూను చప్పుడు వినపడుతుందేమో అని నిలబడ్డాను. టీవీలో భజన తప్ప ఏమీ వినపడలేదు.

ఇప్పుడు ఎవరైనా హోము చూసిపెట్టమంటే చెప్పకుండా పోతాను, అన్నం వేళకు పోతాను. అన్నం వేళకు రానివ్వని చోటుకు మనిషిని పంపొద్దని చెబుతాను. మా వాళ్లలో కొందరికి ఇది నచ్చదు. "నీకేమి, నువ్వు తెచ్చుకున్నావు, మేం ఏం జేసేది?" అంటారు. వాళ్ల మాట కూడా నిజమే. రేపు నా నడుము పడిపోతే అత్తను నేనూ ఎత్తలేను. అప్పుడు మళ్లీ వెతకాల్సిందే.

నిన్న ఈ పిల్ల రాస్తూ రాస్తూ ఆగి, "రోజూ మారుస్తావు గదా పెద్దమ్మా, ఇప్పుడు అసహ్యం పోయిందా?" అని అడిగింది.

పోలేదు. పొద్దున మార్చినప్పుడు వేసింది. రాత్రికి మళ్లీ వేస్తుంది. మార్చాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని అన్నానికి కూర్చుంటాను. ఒక్కోసారి తినబుద్ధి కాదు, అట్లాంటప్పుడు మజ్జిగ తాగి లేస్తాను.